క్రెడిట్ స్కోరు దెబ్బతిన్నవారు అమెరికాలో ఎఫ్‌హెచ్‌ఏ లోన్‌తో ఇల్లు కొనడం ఎలా?

"స్కోరు 600 దాటలేదు, ఇల్లు కొనగలమా?", "ఉద్యోగం పోయిన నాలుగు నెలల్లో రెండు కార్డులు కట్టలేకపోయాం, ఇక ఏడేళ్లు ఆగాల్సిందేనా?", "దివాలా తీసిన తర్వాత ఎప్పటికి లోన్ ఇస్తారు?" అని అమెరికాలో ఉంటున్న మనవాళ్లు తరచూ అడుగుతూ ఉంటారు. చాలామంది తమకు లోన్ రాదని తామే తీర్మానించుకుని అసలు దరఖాస్తే చేయరు. మరికొందరు తొందరపడి, సరిగా సిద్ధం కాకుండానే ఫైలు లెండర్ చేతికి ఇచ్చి, తిరస్కరణ తెచ్చుకుంటారు. ఎఫ్‌హెచ్‌ఏ లోన్ విషయంలో స్కోరు గడప మాత్రమే. గడప దాటిన తర్వాత అండర్‌రైటర్ (లెండర్ తరఫున ఫైలు పరిశీలించి ఆమోదం తేల్చే వ్యక్తి) చూసేది గత పన్నెండు నెలల నడవడిని, ఫైలులోని కాగితాలను. ఆ రెండింటినీ ముందుగా చక్కబెట్టుకునే పద్ధతిని ఇక్కడ వరుసగా వివరిస్తున్నాను.

ముందుగా ఒక్క మాట తెలుసుకోండి. 1934లో ఏర్పడి ప్రస్తుతం హడ్ (గృహనిర్మాణ, పట్టణాభివృద్ధి) శాఖ కింద పనిచేస్తున్న ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ (ఎఫ్‌హెచ్‌ఏ) ఎవరికీ అప్పు ఇవ్వదు. అప్పు ఇచ్చేది బ్యాంకో, మార్ట్‌గేజ్ కంపెనీయో. మీరు కట్టలేకపోతే లెండర్‌కు కలిగే నష్టాన్ని ఎఫ్‌హెచ్‌ఏ భరిస్తుంది. అంటే ఆ బీమా ప్రీమియం కట్టేది మీరు, రక్షణ పొందేది లెండర్. "గవర్నమెంట్ ఇన్సూరెన్స్ ఉంది కదా, ఇబ్బంది వస్తే వాళ్లే చూసుకుంటారు" అనుకుని తాహతుకు మించిన ఇల్లు కొనకండి.

మీకు అర్హత ఉందా?

మనవాళ్లలో చాలామందిని ఆపేసే నిబంధన ఇదే కాబట్టి దీన్ని అన్నిటికంటే ముందు చూడాలి. 2025 మే 25 నుంచి కేస్ నంబర్ (లెండర్ మీ లోన్‌కు ఎఫ్‌హెచ్‌ఏ దగ్గర తీసుకునే నంబర్) తీసుకునే ఎఫ్‌హెచ్‌ఏ లోన్లకు అమెరికా పౌరులు, గ్రీన్ కార్డు ఉన్న శాశ్వత నివాసులు మాత్రమే అర్హులు. హెచ్-1బీ, ఎల్-1 వీసాల మీద ఉన్నవారికి, గ్రీన్ కార్డు కోసం ఎదురుచూస్తూ ఈఏడీతో పనిచేస్తున్నవారికి ఇక ఈ లోన్ లేదు. అంతకు ముందు ఉండేది కాబట్టి పాత వీడియోలు, పాత సలహాలు ఇంకా "హెచ్-1బీకి ఎఫ్‌హెచ్‌ఏ వస్తుంది" అనే చెబుతున్నాయి. వాటిని నమ్మి అప్రైజల్ (ఇంటి విలువ అంచనా) ఫీజు కట్టి నష్టపోకండి. వీసాల మీద ఉన్నవారు కన్వెన్షనల్ (ప్రభుత్వ బీమా లేని మామూలు) లోన్ అడగవచ్చు. అక్కడ స్కోరు అంచనా కాస్త గట్టిగా ఉంటుంది కాబట్టి కింద చెప్పిన మొదటి నాలుగు మెట్లు వారికి కూడా పనికివస్తాయి, వాటిలో చెప్పిన గడువులు, హద్దులు మాత్రం ఎఫ్‌హెచ్‌ఏవి.

భార్యాభర్తల్లో ఒకరికి గ్రీన్ కార్డు ఉండి మరొకరు వీసా మీద ఉంటే, అర్హత ఉన్నవారు ఒక్కరే దరఖాస్తు చేయవచ్చు. అప్పుడు రెండోవారి జీతం లెక్కలోకి రాదు. అయితే టెక్సస్, కాలిఫోర్నియా, వాషింగ్టన్, అరిజోనా వంటి కమ్యూనిటీ ప్రాపర్టీ (పెళ్లయ్యాక వచ్చే ఆస్తులు, అప్పులు సాధారణంగా ఇద్దరివీ అనే చట్టం ఉన్న) రాష్ట్రాల్లో లోన్‌లో లేని జీవిత భాగస్వామి అప్పులను కూడా మీ లెక్కలో కలుపుతారు. వారి స్కోరును మాత్రం చూడరు. డాలస్ చుట్టుపక్కల, బే ఏరియాలో, సియాటిల్ ప్రాంతంలో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో తెలిసిందే కాబట్టి ఈ సంగతిని ప్రత్యేకంగా చెబుతున్నాను. భార్య పేరు మీదున్న కారు లోన్ సంగతి లెండర్‌కు చెప్పకపోతే, అది చివరి వారంలో బయటపడి లెక్క తలకిందులవుతుంది.

స్కోరు విషయానికి వస్తే, 580 లేదా ఆపైన ఉంటే 3.5 శాతం డౌన్ పేమెంట్ సరిపోతుంది. 500 నుంచి 579 మధ్య ఉంటే 10 శాతం పెట్టాలి. 500 లోపు ఉంటే ఎఫ్‌హెచ్‌ఏ లేదు. ఇవి ప్రభుత్వం పెట్టిన కనీస పరిమితులు. లెండర్లు వీటికి పైన సొంత పరిమితులు పెట్టుకోవచ్చు కాబట్టి, ఒకచోట "620 కావాలి" అన్నంత మాత్రాన దారి మూసుకుపోయినట్టు కాదు.

ఈ లోన్‌తో కొన్న ఇంట్లో మీరే ఉండాలి. క్లోజింగ్ (చివరి సంతకాలు చేసి ఇల్లు మీ పేరుకు మార్చుకోవడం) అయిన 60 రోజుల్లోపు చేరి, కనీసం ఒక సంవత్సరం నివసించాలి. అద్దెకు ఇవ్వడానికి కొనే ఇంటికి ఇది వర్తించదు. నాలుగు పోర్షన్ల వరకు ఉన్న ఇల్లు కొని, ఒక పోర్షన్‌లో మీరుండి మిగతావి అద్దెకు ఇచ్చుకోవచ్చు.

సిద్ధంగా ఉంచుకోవలసినవి

- గ్రీన్ కార్డు లేదా పౌరసత్వ రుజువు, సోషల్ సెక్యూరిటీ నంబర్, ఫొటో గుర్తింపు కార్డు
- గత రెండేళ్ల డబ్ల్యూ-2లు, ఇటీవలి పే స్టబ్‌లు. సొంత వ్యాపారం ఉంటే రెండేళ్ల ట్యాక్స్ రిటర్నులు
- కనీసం రెండు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఖాళీ పేజీలతో సహా అన్ని పేజీలు
- పన్నెండు నెలల అద్దె కట్టిన రుజువు
- దివాలా, ఫోర్‌క్లోజర్ (వాయిదాలు కట్టనందుకు లెండర్ ఇల్లు స్వాధీనం చేసుకోవడం), కోర్టు తీర్పు వంటివి ఉంటే వాటి పూర్తి కాగితాలు
- భారతదేశంలో ఏదైనా అప్పు ఉంటే దాని వివరాలు. హైదరాబాద్ ఫ్లాటు ఈఎంఐ అమెరికా క్రెడిట్ రిపోర్టులో కనిపించకపోయినా, దరఖాస్తులో అన్ని అప్పులనూ చూపించాలి. దాచడం ఫెడరల్ నేరం కిందికి వస్తుంది.

సిబిల్ స్కోరు ఎంత బాగున్నా ఇక్కడ పనికిరాదు.

1. మూడు రిపోర్టులు తీసి, వరుస వరుసగా చదవండి

యాన్యువల్ క్రెడిట్ రిపోర్ట్ డాట్ కామ్‌లో ఈక్విఫ్యాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ అనే మూడు క్రెడిట్ బ్యూరోల రిపోర్టులను ఉచితంగా, కావాలంటే వారానికోసారి తీసుకోవచ్చు. పేరు దగ్గర్నుంచి చూడండి. మన ఇంటిపేర్లు, పేర్లు తారుమారై వేరొకరి ఖాతా మన రిపోర్టులో కలిసిపోవడం అరుదేమీ కాదు. ఆ తర్వాత పాత అపార్ట్‌మెంటు ఖాళీ చేసినప్పుడు మిగిలిపోయిన కరెంటు బిల్లు, ఊరు మారాక వచ్చిన ఆసుపత్రి బిల్లు, స్నేహితుడి కారు లోన్‌కు మీరు పెట్టిన కో-సైన్ సంతకం కోసం ప్రత్యేకంగా వెతకండి. కో-సైన్ చేసిన అప్పును గత పన్నెండు నెలలు అవతలి వ్యక్తే సకాలంలో కట్టినట్టు బ్యాంకు రుజువు చూపగలిగితే మీ లెక్కలోంచి తీసేస్తారు, లేదంటే అది మీ అప్పే.

ఫోన్ యాప్‌లో ఉచితంగా కనిపించే స్కోరును ఆధారం చేసుకోకండి. మార్ట్‌గేజ్ లెండర్లు వాడే ఫైకో (క్రెడిట్ స్కోరు లెక్కించే పద్ధతి) పాత వెర్షన్ల లెక్క వేరు కాబట్టి యాప్‌లో 640 ఉన్నవారికి లెండర్ దగ్గర 600 రావచ్చు. మూడు స్కోర్లు వస్తే మధ్యదాన్ని, రెండే వస్తే తక్కువదాన్ని తీసుకుంటారు. ఇద్దరు కలిసి దరఖాస్తు చేస్తే ఇద్దరిలో ఎవరి స్కోరు తక్కువో అదే మొత్తం ఫైలుకు స్కోరు అవుతుంది. భర్తకు 710, భార్యకు 570 ఉంటే ఆ ఫైలు 570 ఫైలు అవుతుంది. డౌన్ పేమెంట్ 3.5 నుంచి 10 శాతానికి పెరుగుతుంది. ఒకరి జీతమే సరిపోయేటట్లయితే ఒకరి పేరు మీదే లోన్ తీసుకోవడం మేలు.

2. నిజంగా తప్పైనవాటిని మాత్రమే డిస్ప్యూట్ చేయండి (అభ్యంతరం చెప్పండి)

తప్పుడు ఎంట్రీ కనిపిస్తే రుజువులు జతచేసి ఆ బ్యూరోకు రాయండి. సాధారణంగా 30 రోజుల్లో విచారించి సమాధానం చెప్పాలి. ఇంతవరకు తేలికే. చాలామంది దెబ్బతినేది దీని తర్వాత: "క్రెడిట్ రిపేర్" కంపెనీలు చెడ్డ ఎంట్రీలన్నిటినీ, నిజమైనవాటితో సహా, గుంపగుత్తగా డిస్ప్యూట్ చేసేస్తాయి. వైద్యేతర చెడ్డ ఖాతాల్లో డిస్ప్యూట్‌లో ఉన్న మొత్తం 1,000 డాలర్లు లేదా అంతకు మించితే ఎఫ్‌హెచ్‌ఏ ఫైలును కంప్యూటర్ ఆమోదం నుంచి తప్పించి, కఠినమైన మాన్యువల్ పరిశీలనకు పంపుతారు. డిస్ప్యూట్ వెనక్కి తీసుకుంటే స్కోరు మళ్లీ పడిపోవచ్చు. రెండు వైపులా నష్టమే. కాబట్టి డిస్ప్యూట్లన్నీ దరఖాస్తుకు కొన్ని నెలల ముందే ముగిసిపోయేటట్టు చూసుకోండి.

పని చేయకముందే డబ్బు అడిగే క్రెడిట్ రిపేర్ కంపెనీకి పైసా కట్టకండి. ముందుగా వసూలు చేయడమే చట్టవిరుద్ధం. సోషల్ సెక్యూరిటీ నంబర్‌కు బదులు వాడుకోమని "సీపీఎన్" అనే నంబర్ అమ్మేవారి జోలికి అసలు వెళ్లకండి, అది మోసమే. వీటికి బదులు హడ్ ఆమోదించిన హౌసింగ్ కౌన్సెలర్ దగ్గరికి వెళ్లండి. 800-569-4287కు ఫోన్ చేస్తే మీ దగ్గరలో ఉన్నవారి వివరాలు చెబుతారు.

3. పాత దెబ్బలకు గడువు తీరిందో లేదో లెక్క చూసుకోండి

చాప్టర్ 7 దివాలా అయితే డిశ్చార్జ్ తేదీ (కోర్టు అప్పులు రద్దు చేసిన తేదీ) నుంచి రెండేళ్లు గడవాలి. మీ చేతిలో లేని కారణం వల్ల అలా జరిగిందని రుజువు చేయగలిగితే, ఏడాది దాటిన తర్వాత కూడా పరిశీలిస్తారు. చాప్టర్ 13లో (కోర్టు ఒప్పుకున్న ప్లాన్ ప్రకారం అప్పులు వాయిదాల్లో తీర్చే దివాలాలో) ఉన్నవారు ప్లాన్ కింద పన్నెండు నెలలు సకాలంలో కట్టి, కోర్టు అనుమతి తెచ్చుకుంటే ప్లాన్ పూర్తికాకముందే దరఖాస్తు చేయవచ్చు. ఫోర్‌క్లోజర్‌కు, షార్ట్ సేల్‌కు (బాకీ కంటే తక్కువ ధరకు లెండర్ ఒప్పుకోలుతో ఇల్లు అమ్మడానికి) మూడేళ్లు. చాప్టర్ 7కు లెక్క పెట్టాల్సింది డిశ్చార్జ్ తేదీ నుంచి, కోర్టులో వేసిన తేదీ నుంచి కాదు. ఈ రెండు తేదీలను కలగాపులగం చేసుకుని దరఖాస్తు చేసినవారి ఫైలు నెలల తరబడి వెనక్కి పోతుంది.

కలెక్షన్లకు (వసూలు ఏజెన్సీలకు) వెళ్లిన బాకీలన్నిటినీ తీర్చితేనే లోన్ వస్తుందన్న మాట నిజం కాదు. వైద్య బిల్లుల కలెక్షన్లను ఎఫ్‌హెచ్‌ఏ పక్కన పెడుతుంది. మిగతా కలెక్షన్ల మొత్తం 2,000 డాలర్లు లేదా అంతకు మించితే మూడు దారులున్నాయి: తీర్చేయడం, వాయిదాల ఒప్పందం చేసుకుని ఆ వాయిదాను అప్పుల్లో చూపడం, లేదంటే బాకీలో 5 శాతాన్ని నెలవారీ అప్పుగా లెక్కలో కలుపుకోవడం. ఉదాహరణకు 3,000 డాలర్ల కలెక్షన్ ఉంటే నెలకు 150 డాలర్ల అప్పు ఉన్నట్టు లెక్కిస్తారు. ఆ 150 భారాన్ని మీ ఆదాయం మోయగలిగితే, ఆ 3,000 డాలర్లను డౌన్ పేమెంటుకు ఉంచుకోవడమే తెలివైన పని. పాత కలెక్షన్ కట్టేసినంత మాత్రాన పాత ఫైకో లెక్కలో స్కోరు పెరగదు కాబట్టి, లెండర్‌ను అడగకుండా కట్టకండి. కోర్టు తీర్పు దాకా వెళ్లిన బాకీల సంగతి వేరు. వాటిని తీర్చాలి, లేదా ఒప్పందం చేసుకుని కనీసం మూడు నెలలు సకాలంలో కట్టి చూపాలి.

ఫెడరల్ ప్రభుత్వానికి బాకీపడి ఎగవేతలో ఉంటే, అంటే ఎగవేసిన విద్యార్థి రుణం వంటిది ఉంటే, ముందు దాన్ని దారిలో పెట్టండి. కైవర్స్ అనే ప్రభుత్వ జాబితాలో పేరుంటే ఏ లెండర్ కూడా ముందుకు కదలలేడు.

4. పన్నెండు నెలలు ఒక్క వాయిదా కూడా తప్పకండి

స్కోరు పెంచుకునే చిట్కాలు వంద చెబుతారు కానీ, ఫలితం ఇచ్చేవి రెండే. మొదటిది, అద్దె, కారు, కార్డులు అన్నీ ఆటోపేలో పెట్టి ఏడాది పాటు ఒక్కటీ ఆలస్యం కానివ్వకపోవడం. మాన్యువల్ పరిశీలనలో అండర్‌రైటర్ వేలు పెట్టి చూసేది ఈ పన్నెండు నెలలనే. మూడేళ్ల కిందటి చెడ్డ కాలానికి సంజాయిషీ ఉంటుంది, మొన్న జూన్‌లో 30 రోజులు ఆలస్యమైన అద్దెకు ఉండదు. రెండోది, కార్డుల్లో వాడుకున్న మొత్తాన్ని పరిమితిలో 30 శాతం లోపుకు, వీలైతే 10 శాతం లోపుకు తేవడం. స్టేట్‌మెంట్ తేదీకి రెండు మూడు రోజుల ముందే కట్టండి, ఎందుకంటే బ్యూరోకు వెళ్లేది ఆ తేదీనాటి బ్యాలెన్స్. పాత కార్డులను మూసేయకండి.

సరిచూసుకోవడం: బ్యాలెన్స్ తగ్గించిన తర్వాతి స్టేట్‌మెంట్ వచ్చాక రిపోర్టు మళ్లీ తీసి, కొత్త అంకె పడిందో లేదో చూడండి. 574 దగ్గర ఆగిపోయి 580కి ఆరు పాయింట్లు తక్కువైతే, కార్డు కట్టిన రుజువుతో లెండర్ ద్వారా ర్యాపిడ్ రీస్కోర్ చేయించవచ్చు. కొద్ది రోజుల్లో కొత్త స్కోరు వస్తుంది.

5. ఎంత ఇల్లు కొనగలరో మీరే లెక్క వేయండి

అంకెలతోనే చూద్దాం. ఇంటి ధర 3,50,000 డాలర్లు అనుకోండి. 3.5 శాతం డౌన్ పేమెంట్ 12,250, అసలు లోన్ 3,37,750. దీని మీద ముందుగా కట్టే బీమా ప్రీమియం 1.75 శాతం, అంటే సుమారు 5,910 డాలర్లు. దీన్ని చేతి నుంచి కట్టనక్కర్లేదు, లోన్‌లో కలుపుతారు. అప్పుడు మొత్తం లోన్ 3,43,660 అవుతుంది. వడ్డీ 6.5 శాతం, గడువు 30 ఏళ్లు అనుకుంటే నెలకు అసలు, వడ్డీ కలిపి 2,172. ఏటా కట్టే బీమా ప్రీమియం 0.55 శాతం, అంటే నెలకు దాదాపు 155. ప్రాపర్టీ ట్యాక్స్ ధరలో 2 శాతం చొప్పున నెలకు 583, ఇంటి బీమా 200 వేసుకుంటే మొత్తం 3,110 డాలర్లు.

ఇప్పుడు పన్ను కోతకు ముందున్న మీ నెల జీతం 9,000 డాలర్లు, కారు వాయిదా 450, కార్డుల కనీస చెల్లింపు 100 అనుకోండి. ఇంటి ఖర్చు జీతంలో 34.6 శాతం, అప్పులన్నీ కలిపితే 40.7 శాతం. మాన్యువల్ పరిశీలనకు ఎఫ్‌హెచ్‌ఏ పెట్టుకున్న సాధారణ హద్దులు ఇంటి ఖర్చుకు 31 శాతం, మొత్తం అప్పులకు 43 శాతం. మొదటిది దాటింది, రెండోది దాటలేదు. చేతిలో కొన్ని నెలల వాయిదాలకు సరిపడా పొదుపు ఉండటం వంటి బలం చూపితే ఈ ఫైలు నిలబడుతుంది. కంప్యూటర్ ఆమోదించే ఫైళ్లలో 50 శాతం దాటినవి కూడా ఉంటాయి. అయినా ఆమోదం వచ్చింది కదా అని అంతవరకు వెళ్లవద్దని గట్టిగా చెబుతాను. ఒకసారి క్రెడిట్ దెబ్బతిన్న కుటుంబానికి నెలాఖరులో నాలుగు డాలర్లు మిగలడం చాలా అవసరం.

ప్రీమియం గురించి ఇంకో మాట. డౌన్ పేమెంట్ 10 శాతం కంటే తక్కువ పెడితే ఏటా కట్టే ప్రీమియం లోన్ ఉన్నంతకాలం ఉంటుంది. 10 శాతం లేదా ఎక్కువ పెడితే 11 ఏళ్ల తర్వాత ఆగిపోతుంది. కన్వెన్షనల్ లోన్‌లో ఇలాంటి బీమాను ఇంట్లో మీ వాటా 20 శాతానికి చేరాక తీయించుకోవచ్చు. కాబట్టి స్కోరు 680, 700 దాకా వచ్చినవారు ఎఫ్‌హెచ్‌ఏతో పాటు కన్వెన్షనల్ లెక్క కూడా వేయించుకోవాలి. మాజీ సైనికులైతే వీఏ లోన్, పల్లె ప్రాంతాల్లో కొనేవారైతే యూఎస్‌డీఏ లోన్ కూడా చూడండి, వాటికి డౌన్ పేమెంట్ అవసరం ఉండదు.

6. డౌన్ పేమెంట్ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో కాగితం మీద చూపండి

డౌన్ పేమెంట్ మొత్తం గిఫ్ట్‌గా వచ్చినా ఎఫ్‌హెచ్‌ఏ ఒప్పుకుంటుంది. తల్లిదండ్రులు, అత్తమామలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, బాబాయి, మేనమామ వంటివారు ఇవ్వవచ్చు. ఇల్లు అమ్మేవారు, ఏజెంటు, బిల్డర్ ఇవ్వకూడదు. గిఫ్ట్ లెటర్‌లో ఇచ్చేవారి పేరు, చిరునామా, ఫోన్ నంబర్, మీతో బంధుత్వం, మొత్తం, తిరిగి ఇవ్వనక్కర్లేదన్న వాక్యం, సంతకాలు ఉండాలి. దాంతో పాటు డబ్బు వారి ఖాతాలోంచి బయల్దేరి మీ ఖాతాలో పడిన దారి అంతా కనిపించాలి.

విజయవాడలో ఉన్న నాన్నగారు పంపిస్తున్నట్లయితే, రిజర్వ్ బ్యాంక్ ఎల్ఆర్ఎస్ (విదేశాలకు డబ్బు పంపే పథకం) కింద ఒక్కొక్కరు ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల వరకు పంపవచ్చు. 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద బ్యాంకు టీసీఎస్ (ముందుగా పట్టుకునే ఆదాయపు పన్ను) వసూలు చేస్తుంది. నాన్నగారు రిటర్ను వేసినప్పుడు దాన్ని సర్దుబాటు చేసుకోవచ్చు. నాన్నగారి పాస్‌బుక్ పేజీ తెలుగులో ఉంటే ఇంగ్లిషు అనువాదం జతచేయండి. విదేశాల నుంచి వచ్చిన గిఫ్టులు ఏడాదిలో 1,00,000 డాలర్లు దాటితే మీరు ఐఆర్‌ఎస్‌కు ఫారం 3520 దాఖలు చేయాలి. పన్ను ఉండదు గానీ, ఫారం వేయకపోతే జరిమానా భారీగా ఉంటుంది.

స్నేహితుల దగ్గర చేబదులు తీసుకుని ఖాతాలో వేసి, "ఇది నా పొదుపే" అనడం మనవాళ్లలో ఎక్కువగా కనిపించే పొరపాటు. జెల్‌లో వచ్చిన 4,000 డాలర్లకు వివరణ అడుగుతారు. అప్పు అయితే అప్పుగానే చూపాలి. చీటీ పాడిన డబ్బుకు కాగితం ఉండదు కాబట్టి దాని మీద ఆధారపడకండి.

డౌన్ పేమెంట్ కాకుండా క్లోజింగ్ ఖర్చులు సాధారణంగా ధరలో 2 నుంచి 5 శాతం వరకు ఉంటాయి. అమ్మేవారు ధరలో 6 శాతం వరకు మీ ఖర్చులు భరించవచ్చు. బేరం ఆడేటప్పుడు ధర తగ్గించమనడం కంటే ఈ సాయం అడగడమే డబ్బు తక్కువగా ఉన్నవారికి ఎక్కువ ఉపయోగం. రాష్ట్ర హౌసింగ్ సంస్థల డౌన్ పేమెంట్ సాయం పథకాల గురించి కూడా కౌన్సెలర్‌ను అడగండి.

7. కనీసం ముగ్గురు లెండర్ల దగ్గర లోన్ ఎస్టిమేట్ తీసుకోండి

ఫోన్ చేసిన వెంటనే మూడు ప్రశ్నలు అడగండి: మీరు ఎఫ్‌హెచ్‌ఏకు ఒప్పుకునే కనీస స్కోరు ఎంత? మాన్యువల్ అండర్‌రైటింగ్ చేస్తారా? నా స్కోరుకు వడ్డీ ఎంత, పాయింట్లు (వడ్డీ తగ్గించడానికి ముందుగా కట్టే రుసుము) ఎన్ని? రెండో ప్రశ్నకు "చేయం" అంటే, దెబ్బతిన్న క్రెడిట్ ఉన్నవారు అక్కడ సమయం వృథా చేసుకోనక్కర్లేదు.

దరఖాస్తు చేసిన మూడు పనిదినాల్లో లెండర్ లోన్ ఎస్టిమేట్ ఇవ్వాలి. మూడింటినీ పక్కపక్కన పెట్టుకుని రెండో పేజీలోని "ఎ" విభాగంలో లెండర్ సొంత ఫీజులను పోల్చండి. లెండర్లు మీ క్రెడిట్ రిపోర్టు తీసే విచారణలన్నీ 14 రోజుల్లోపు జరిగితే స్కోరు లెక్కలో ఒక్కటిగానే పరిగణిస్తారు కాబట్టి స్కోరు పడిపోతుందని భయపడకండి. బిల్డర్ తన లెండర్ దగ్గరే తీసుకుంటే ఇంత తగ్గిస్తానంటే, ఆ తగ్గింపు కలిపాక కూడా బయటివాళ్ల లెక్కతో పోల్చండి.

8. ఎఫ్‌హెచ్‌ఏకు పనికొచ్చే ఇంటినే వెతకండి

2026లో ఒక కుటుంబం ఉండే ఇంటికి లోన్ పరిమితి చాలా కౌంటీల్లో 5,41,287 డాలర్లు, బాగా ఖరీదైన ప్రాంతాల్లో 12,49,125 వరకు ఉంది. ఇది లోన్‌కు పరిమితి, ఇంటి ధరకు కాదు. మీ కౌంటీ పరిమితిని హడ్ వెబ్‌సైటులో చూడండి. కాండో అయితే ఆ ప్రాజెక్టుకు, లేదా ఆ యూనిట్‌కు ఎఫ్‌హెచ్‌ఏ ఆమోదం ఉండాలి. అమ్మేవారు కొని 90 రోజులు దాటని ఇంటికి సాధారణంగా ఎఫ్‌హెచ్‌ఏ లోన్ రాదు. పాత ఇంటిని కొని రంగులేసి వెంటనే అమ్మేవారి దగ్గర ఇది గుర్తుంచుకోండి.

ఎఫ్‌హెచ్‌ఏ అప్రైజర్ ధరతో పాటు ఇంటి భద్రతను కూడా చూస్తారు. 1978కి ముందు కట్టిన ఇంట్లో పెచ్చులూడిన పెయింట్, మెట్లకు లేని రెయిలింగ్, ఆయుష్షు తీరిన పైకప్పు కనిపిస్తే బాగుచేసే వరకు లోన్ కదలదు. ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడే కిటికీ చట్రాల అడుగున గోరుతో గీకి చూడండి. అయితే అప్రైజల్ వేరు, ఇన్‌స్పెక్షన్ వేరు. ఇంటి లోపాలు మీకు తెలియాలంటే సొంత డబ్బుతో ఇన్‌స్పెక్టర్‌ను పెట్టుకోవలసిందే.

ఒప్పందంలో ఎఫ్‌హెచ్‌ఏ అమెండటరీ క్లాజ్ ఉందో లేదో తప్పకుండా చూడండి. అప్రైజల్ విలువ ఒప్పుకున్న ధర కంటే తక్కువ వస్తే, బయానా పోగొట్టుకోకుండా వెనక్కి తగ్గే హక్కును మీకు అది ఇస్తుంది.

9. అండర్‌రైటింగ్‌లో అడిగినవి అడిగిన రోజే పంపండి

వివరణ లేఖ అడిగితే కష్టాలన్నీ ఏకరువు పెట్టకండి. తేదీ, కారణం, ఎలా సరిదిద్దారు, రుజువు అనే నాలుగూ ఉంటే చాలు. ఉదాహరణకు మీరు ఇంగ్లిషులో రాయవలసిన లేఖ సారాంశం ఇలా ఉండాలి: "2023 మార్చిలో కంపెనీ ఉద్యోగులను తొలగించినప్పుడు నా ఉద్యోగం పోయింది. ఏప్రిల్ నుంచి జూలై వరకు రెండు కార్డుల చెల్లింపులు ఆలస్యమయ్యాయి. ఆగస్టులో ప్రస్తుత ఉద్యోగంలో చేరాను. డిసెంబరుకల్లా రెండు ఖాతాలూ తీర్చాను. అప్పటి నుంచి ఏదీ ఆలస్యం కాలేదు. తొలగింపు లేఖ, నియామక లేఖ, ఖాతా తీరిన పత్రాలు జతచేశాను." లేఖలోని తేదీలు క్రెడిట్ రిపోర్టులోని తేదీలతో సరిపోవాలి. సరిపోకపోతే లేఖ రాయకపోవడమే నయమన్నట్టు అవుతుంది.

ఈ దశలో కొత్త కార్డు, కొత్త కారు, వాయిదాల మీద సోఫా, ఏదీ వద్దు. క్లోజింగ్‌కు ముందు లెండర్ క్రెడిట్‌ను మళ్లీ తనిఖీ చేస్తారు, ఉద్యోగం ఉందో లేదో కంపెనీకి ఫోన్ చేసి కనుక్కుంటారు. గృహప్రవేశం ముహూర్తం పెట్టుకుని, దానికి తగ్గట్టు ఫర్నిచరు వాయిదాల్లో తెచ్చుకుని లోన్ పోగొట్టుకున్నవారు ఉన్నారు. "క్లియర్ టు క్లోజ్" (లోన్‌కు తుది ఆమోదం) అన్న మాట రాతపూర్వకంగా వచ్చాకే పురోహితుడితో మాట్లాడండి. ముహూర్తం కూడా క్లోజింగ్ తేదీకి కనీసం వారం పది రోజుల తర్వాత పెట్టించుకోండి.

10. క్లోజింగ్

సంతకాలకు మూడు పనిదినాల ముందే క్లోజింగ్ డిస్‌క్లోజర్ మీ చేతికి రావాలి. లోన్ ఎస్టిమేట్‌ను పక్కన పెట్టుకుని వడ్డీ, లోన్ మొత్తం, లెండర్ ఫీజులు, అమ్మేవారు ఒప్పుకున్న సాయం సరిపోయాయో చూడండి. డబ్బు వైర్ చేసే ముందు టైటిల్ కంపెనీకి (క్లోజింగ్ జరిపించే సంస్థకు) మీరే ఫోన్ చేసి, మీరు ముందే రాసి పెట్టుకున్న నంబర్‌కే చేసి, ఖాతా వివరాలు నిర్ధారించుకోండి. "ఖాతా మారింది" అని చివరి రోజు వచ్చే ఈమెయిల్ దాదాపు ఎప్పుడూ మోసగాళ్లదే. ఒకసారి వెళ్లిన వైర్ వెనక్కి రావడం చాలా కష్టం.

చేరిన తర్వాత

కొత్తగా కట్టిన ఇల్లయితే మొదటి ఏడాది ప్రాపర్టీ ట్యాక్స్ ఖాళీ స్థలం విలువ మీదే రావచ్చు. రెండో ఏడాది ఇంటితో సహా లెక్కించేసరికి ఎస్క్రోలో (పన్ను, ఇంటి బీమా కోసం నెలనెలా మీ చెల్లింపులోంచి దాచే ఖాతాలో) లోటు పడి, నెల చెల్లింపు ఒక్కసారిగా వందల డాలర్లు పెరుగుతుంది. పూర్తి విలువ మీద పన్ను ఎంతో మొదటి నెలలోనే లెక్కవేసి, తేడాను విడిగా దాచుకోండి. టెక్సస్‌లో ఉంటే హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్‌కు (సొంతంగా ఉండే ఇంటికి ఇచ్చే పన్ను మినహాయింపుకు) కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్‌లో మీరే దరఖాస్తు చేయాలి. దానికి రుసుము లేదు, డబ్బు తీసుకుని చేసిపెడతామనే ఉత్తరాలను పక్కన పడేయండి.

రెండు మూడేళ్లు సక్రమంగా కట్టి, స్కోరు పెరిగి, ఇంట్లో మీ వాటా 20 శాతం దాటితే కన్వెన్షనల్‌కు మార్చుకుని ప్రీమియం వదిలించుకోవచ్చు. వడ్డీ మాత్రమే తగ్గితే ఎఫ్‌హెచ్‌ఏ స్ట్రీమ్‌లైన్ రీఫైనాన్స్ ఉంది. దానికి కనీసం ఆరు వాయిదాలు కట్టి, క్లోజింగ్ నుంచి 210 రోజులు గడవాలి, సాధారణంగా కొత్త అప్రైజల్ అడగరు.

ఉద్యోగం పోయి వాయిదా కట్టలేని పరిస్థితి వస్తే, మొదటి వాయిదా తప్పకముందే లోన్ సర్వీసర్‌కు (మీ వాయిదాలు వసూలు చేసే కంపెనీకి) ఫోన్ చేయండి. చెల్లింపు కొంతకాలం వాయిదా వేయడం, బాకీని లోన్ చివరికి నెట్టడం, లోన్ షరతులు మార్చడం వంటి సహాయాలు ఎఫ్‌హెచ్‌ఏలో ఉన్నాయి గానీ, అవి అడిగినవారికే వస్తాయి. సర్వీసర్ చెప్పింది అర్థం కాకపోతే పైన ఇచ్చిన కౌన్సెలింగ్ నంబర్‌కే మళ్లీ ఫోన్ చేయండి. ఫోర్‌క్లోజర్‌ను తప్పించుకునే కౌన్సెలింగ్‌కు హడ్ ఆమోదం ఉన్నవారు డబ్బు తీసుకోరు.